అమ్మేవాడే భయపెడతాడా?

చిన్నూ, బుజ్జీ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు కిళ్లీకొట్టు ముందు బుజ్జి అడిగిందే, "తాతయ్యా, అమ్మేవాళ్లే సిగరెట్ పెట్టె మీద ఇంత భయంకరమైన బొమ్మ ఎందుకు వేసుకుంటారు?" అని. ఇంతలో బస్సు వచ్చేసింది. ఆ జవాబు బాకీ ఉండిపోయింది.

వాళ్లు వేసుకోరమ్మా, చట్టం వేయిస్తుంది. ఆ బొమ్మల మీద పెద్ద తగువే నడిచింది. మన దగ్గర కాదు, ఉరుగ్వేలో.

మ్యాపులో చూడండి, బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. జనాభా 35 లక్షలు, హైదరాబాద్‌లో సగం కూడా కాదు. 2005లో అక్కడ అధ్యక్షుడైన తబరే వాస్కెజ్ క్యాన్సర్ డాక్టరు. అమ్మను, నాన్నను, తోడబుట్టినదాన్ని క్యాన్సర్‌కే పోగొట్టుకున్నవాడు. 2006 మార్చి 1 నుంచి ఆఫీసుల్లో, హోటళ్లలో, బార్లలో, నాలుగు గోడల మధ్య ఎక్కడా పొగ తాగకూడదన్నాడు.

2009లో ఇంకో రెండు రూల్స్ వచ్చాయి. పెట్టెకు ముందూ వెనకా 80 శాతం మేర హెచ్చరికలే ఉండాలి. రెండోది నాకు మహా నచ్చింది: ఒక బ్రాండు పేరుతో ఒక్క రకమే అమ్మాలి. ఎందుకంటే, 'లైట్', 'మైల్డ్' అనే పేర్లు వద్దంటే కంపెనీలు రంగులు దించాయి. ఎర్ర పెట్టె ఘాటు, బంగారు రంగుది తేలిక అని జనమే అనుకోవాలి. పెట్టె ఏ రంగో ఊపిరితిత్తులకేం తెలుసు?

సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్‌కు ఒళ్లు మండింది. 2010లో, స్విట్జర్లాండ్‌తో ఉరుగ్వే చేసుకున్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని ప్రపంచ బ్యాంకు పంచాయితీకి ఎక్కింది. నష్టపరిహారం 2.5 కోట్ల డాలర్లు కట్టమంది. అప్పట్లో ఆ కంపెనీ ఏడాది అమ్మకాలు ఆ దేశం మొత్తం ఆదాయం కంటే ఎక్కువ! లాయర్ల ఫీజులకే దేశం కుదేలయ్యేది. అప్పటి న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ తన ధర్మనిధి నుంచి సాయం చేశాడు. ఆరేళ్లు నలిగి, 2016 జులైలో తీర్పొచ్చింది. కంపెనీ ఓడింది. పైగా ఉరుగ్వే ఖర్చుల కింద 70 లక్షల డాలర్లు ఎదురు కట్టాల్సి వచ్చింది.

మరి పొగ తగ్గిందా? 2009లో పెద్దవాళ్లలో నూటికి 25 మంది తాగేవారు, 2017కి 21.6. "ఇంత గొడవకి ఇంతేనా?" అని మీ నాన్న పెదవి విరుస్తాడు. ముదిరిన అలవాటు అంత తేలిగ్గా వదలదు. మీ ఈడు బడిపిల్లల్లో మాత్రం బాగా పడిపోయింది. నా లెక్కలో అదే అసలు గెలుపు.

వాస్కెజ్ 2020 డిసెంబరులో పోయాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే.

మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి ఆ హెచ్చరిక 85 శాతం ఉండాలి. ఖాళీ పెట్టె ఒకటి దాచి ఉంచాను. "ఈ దరిద్రం ఇంట్లోకెందుకు?" అని నానమ్మ రోజూ సాధిస్తోంది. దసరాకి వచ్చేటప్పుడు చిన్నూ స్కేలు మర్చిపోవద్దు, కొలిచి చూద్దాం.

మీ తాతయ్య