టాంకు అలారం పిచ్చి లెక్కలు ఎందుకు చూపిస్తోందంటే

చిన్నూ, బుజ్జీ,

ఆర్డుయినో బోర్డుతో మీరు చేసిన నీళ్ల టాంకు అలారం వీడియో చూశాన్రా. కాసేపు బానే నడిచి, తర్వాత టాంకులో నీళ్లు 24,000 సెంటీమీటర్లు అంటోంది, అంత లోతు హుస్సేన్ సాగర్‌కి కూడా లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బోర్డు డూప్లికేట్ అయ్యుంటుందని మీ నాన్న అంటున్నాడు గానీ నాకు బోర్డు మీద అనుమానం లేదు, మీ కోడ్ చూస్తే ర్యామ్ చాలట్లేదనిపిస్తోంది.

ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా 328పి చిప్‌కి ప్రోగ్రాం దాచుకునే ఫ్లాష్ 32 కేబీ, వేరియబుల్స్ నడిచే ర్యామ్ 2048 బైట్లు, అంతే. మీ కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ మీరు రాసిన ప్రతిదాన్నీ ఏదో ఒక సెక్షన్‌లో, అంటే ఒక గుంపులో వేస్తుంది, ఆ ముక్కలన్నీ కలిపి వాటికి అడ్రసులు ఇచ్చేది లింకర్. కోడ్ అంతా ఫ్లాష్‌కి పోతుంది. ఏదో ఒక విలువ ఇచ్చి రాసిన గ్లోబల్ వేరియబుల్ (ఫంక్షన్ల బయట పెట్టేది) డేటా సెక్షన్‌లోకి, విలువ ఇవ్వనివీ సున్నా ఇచ్చినవీ బీఎస్ఎస్ అనే సెక్షన్‌లోకి. ర్యామ్‌లో కరెంటు పోతే ఏమీ మిగలదు కదా, మరి ఆ మొదటి విలువలు ఎక్కడుంటాయంటే ఫ్లాష్‌లోనే, బోర్డు ఆన్ అవ్వగానే మీ సెటప్ ఫంక్షన్ కంటే ముందు ఒక చిన్న కోడ్ నడిచి వాటిని ర్యామ్‌లోకి కాపీ చేసి, బీఎస్ఎస్ మొత్తాన్ని సున్నా చేస్తుంది. అంటే డేటా వేరియబుల్ రెండుచోట్లా జాగా తింటుంది.

ఇక మెసేజ్‌ల సంగతి. కోట్స్‌లో రాసిన మాటలు మారవు కదా ఫ్లాష్‌లోనే ఉంటాయిలే అనుకుంటాం, మారదు అని చెప్పే కాన్స్ట్ పెట్టినా సరే, ఈ చిప్‌లో అవి కూడా ర్యామ్‌లోకి వచ్చేస్తాయి. ఎందుకంటే ఇందులో ఫ్లాష్ అడ్రసులు వేరు, ర్యామ్ అడ్రసులు వేరు, ఫ్లాష్ నుంచి చదవాలంటే ఎల్‌పీఎం అని వేరే ఇన్‌స్ట్రక్షన్ కావాలి, అడ్రసు పట్టుకునే మామూలు పాయింటర్‌కి ఆ తేడా తెలీదు. ఈఎస్‌పీ32 అనే ఇంకో చిప్‌లో ఈ గొడవ లేదు. పైగా మీరు ముచ్చటపడి తెలుగులో రాశారు, అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, "నమస్కారం" ఒక్కటే చివరి సున్నాతో కలిపి 25 బైట్లు! తెలుగు తీసెయ్యక్కర్లేదు, ప్రింట్ లోపల కోట్స్ ముందు పెద్ద ఎఫ్ పెట్టి మాటని బ్రాకెట్‌లో పెట్టండి, ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది.

అసలు దొంగ మాత్రం యావరేజ్ ఫంక్షనే. దాని లోపల 300 ఇంట్‌ల (పూర్ణ సంఖ్యల) అర్రే, అంటే వరస, పెట్టారు. ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, కాబట్టి 600. ఫంక్షన్ లోపలివి స్టాక్ మీదికి, అంటే ఫంక్షన్ నడిచినంతసేపే ర్యామ్‌లో వాడుకునే జాగాలోకి పోతాయి, అవి మీరు కోడ్ రాసే ఐడీఈ సాఫ్ట్‌వేర్ చూపించే లెక్కలో ఉండవు. 70 శాతమే వాడాం కదా మామయ్యా అన్నారు, నిజమే, మిగిలింది 600 పైచిలుకు, మీ అర్రే వచ్చి కూర్చుంటే ఇక వేరే ఫంక్షన్ పిలవడానికి కూడా జాగా లేదు. స్టాక్ ర్యామ్ చివరి నుంచి కిందికి పెరుగుతూ వచ్చి బీఎస్ఎస్ మీద పడి, అక్కడున్న మీ నీళ్ల రీడింగుల మీదే రాసేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో అయితే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది, ఇక్కడ ఆపేవాడు ఎవడూ లేడు, తప్పు లెక్కతోనే నడుస్తూ పోతుంది. మొదట్లో బానే ఉందంటే యావరేజ్‌ని అప్పటిదాకా పిలవలేదు, అంతే.

యావరేజ్‌కి కాపీ అర్రే ఎందుకసలు? ఒక టోటల్ పెట్టుకుని కూడుకుంటూ పోండి, కానీ అది ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ అయ్యుండాలి, ఇంట్‌లో 32,767 దాటితే పట్టదు. పైన గ్లోబల్‌గా పెట్టిన 500 రీడింగుల అర్రేని బైట్ చెయ్యండి, మీ టాంకు లోతు 200 సెంటీమీటర్లే, బైట్‌లో 255 దాకా పడుతుంది, 1000 బైట్లది 500 అవుతుంది. ఇవి చేశాక కంపైల్ చేసి ఫ్లాష్, ర్యామ్ ఎంత వాడారో కింద చూపించే ఆ రెండు లైన్లూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, అప్పటిదాకా బోర్డు మార్చడానికి మీ నాన్నని కోఠికి పంపకండి.

మీ మామయ్య