పాత సబ్బు వాసన ప్యాకెట్లో దొరకదు

పసుపుపచ్చ నిర్మా పొడి ఇప్పటికీ కిరాణా కొట్లో దొరుకుతుంది. ఆ రోజుల్లో దుప్పటి కప్పుకుంటే వచ్చిన వాసన కోసమే దాన్ని కొని, ఉతికి, నిరాశపడేవాళ్లున్నారు. ప్యాకెట్ మీద పేరు అదే అయినా లోపలి అత్తరు ఏళ్ల తరబడి మారుతూ వస్తుంది. పైగా మనకు గుర్తున్న వాసనలో అత్తరు పాలు తక్కువ. మిగతాదంతా నూనె సబ్బు, సోడా, గంజి, ఎండ కలిసి పుట్టించినదే. ఆ మిగతా భాగాన్ని మాత్రం ఇవాళ కూడా ఇంట్లో రప్పించుకోవచ్చు.

మన దేశానికి సర్ఫ్ 1959లో, నిర్మా 1969లో వచ్చాయి. అంతకుముందు రాజ్యమేలింది బార్ సబ్బులు. పేటలో కోసి అమ్మే సబ్బుల్లో ఇప్ప, వేప, కానుగ, తవుడు నూనెలు పడేవి. వాటికి సహజంగానే ఒక జిడ్డు వాసన ఉంటుంది. దాన్ని కప్పిపుచ్చడానికి నిమ్మగడ్డి జాతి గడ్డి నుంచి తీసే చవకైన సిట్రొనెల్లా నూనె కలిపేవారు. బట్టల సబ్బుకు ఏ పరిమళమంటే అది పనికిరాదు. సోడా కలిసిన పొడి నీళ్లలో కరిగితే, క్షారాన్ని కొలిచే పీహెచ్ 10 దాటుతుంది. అంత క్షారంలో పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు విరిగిపోతాయి, ఆల్డిహైడ్లనే మరో రకం వాసన పదార్థాలు చాలావరకు రూపు మారిపోతాయి. సిట్రొనెల్లాలోని జెరానియాల్, సిట్రొనెలోల్ ఆల్కహాళ్లు కాబట్టి తట్టుకుంటాయి. పాత సబ్బులన్నీ ఇంచుమించు ఒకే నిమ్మగడ్డి వాసన కొట్టడానికి కారణం ఈ వడపోతే.

బట్టకు చివరిదాకా అంటుకుని ఉండేది కస్తూరి వాసన. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ అనుకోకుండా కృత్రిమ కస్తూరి తయారుచేశాడు. దాని కుటుంబానికి చెందిన మస్క్ జైలీన్ దశాబ్దాలపాటు ప్రపంచమంతటా సబ్బుల్లో, పొడుల్లో పడింది. ప్రకృతిలో విరగకుండా పేరుకుంటుందని తేలాక 2014లో ఐరోపా సమాఖ్య దాన్ని ఆపేసింది. ఇప్పటి ఖరీదైన పొడుల్లో పరిమళాన్ని కంటికి కనబడని గుళికల్లో దాస్తారు. బట్ట రాసుకున్నప్పుడల్లా కొన్ని పగిలి వాసన వస్తుంది. వారమైనా వదలని ఆ ఘాటు పాతకాలం ముక్కులకు ఎబ్బెట్టుగా అనిపించడంలో వింతేమీ లేదు.

ఎండ సంగతికి వస్తే, 2020లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏ సబ్బూ లేకుండా శుద్ధజలంతో ఉతికిన నూలు తువ్వాళ్లను గదిలో, నీడపట్టున, ఎండలో ఆరబెట్టి వాటి నుంచి వెలువడే ఆవిర్లను కొలిచారు. ఎండలో ఆరినవాటిలో పెంటనాల్, ఆక్టనాల్, నోనానాల్ వంటి ఆల్డిహైడ్లు, కొన్ని కీటోన్లు కనబడ్డాయి. అత్తరు తయారీలో వాడే పదార్థాలే ఇవి. తడి బట్ట మీద వెలుతురు జరిపిన చర్యల వల్ల ఇవి పుడతాయని వారి ఊహ. నాగావళి ఇసుకలో పరిచిన పంచెలకు ఏ కంపెనీ అత్తరూ లేకుండానే పరిమళం ఎలా వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. బట్టను పూర్తిగా పిండి, నీడలో సగం ఆరనిచ్చి, తర్వాత ఎండలో వేస్తే అంత వాసన రాకపోవచ్చు. తడిగా ఉండగానే ఎండ తగలాలి.

ఇంట్లో చేసే పద్ధతి తెల్ల నూలు బట్టలకే. పట్టుకు, ఉన్నికి సోడా తగలకూడదు. 15 లీటర్ల బకెట్ నీళ్లలో ముందు చాకలి సోడా కలపండి: ఉప్పునీటి బోరైతే రెండు పెద్ద చెంచాలు, ఏటి నీళ్లయితే ఒకటి. వంట సోడాతో ఈ పని జరగదు, దాని క్షారం చాలదు. పది నిమిషాలు ఆగితే నీళ్లలోని కాల్షియం తెల్లటి మడ్డిగా విడిపోతుంది. అప్పుడు 40 గ్రాముల నూనె సబ్బు తురుమును లీటరు వేన్నీళ్లలో కరిగించి పోయాలి. ఈ వరస తారుమారైతే కాల్షియం సబ్బునే పట్టేసుకుని జిగట తెట్టు కడుతుంది. అది నూలు పోగుల్లో ఇరుక్కుని ఒంటి జిడ్డును పట్టి ఉంచుతుంది. నెల తిరిగేసరికి బట్ట బూడిదరంగుకు తిరిగి జిడ్డు కంపు కొడుతుంది. సిట్రొనెల్లా కావాలంటే ఐదారు చుక్కలు సబ్బు నీళ్లలోనే కలపాలి. జాడించే నీళ్లలో వేస్తే నూనె కరగక మరకలు పడతాయి. అరగంట నానబెట్టి ఉతికి, మూడు నీళ్లు జాడించండి. రేవులో ఉబ్బ వేసే రజకులు సోడాలో తడిపిన బట్టలను బాన మీద పేర్చి ఆవిరి పట్టించేది జిడ్డు ఇంకా బాగా వదలడానికే. ఇంట్లో అయితే స్టీలు గిన్నెలో ఇరవై నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది.

పొందూరు ఖద్దరు పంచెకు గంజి లేకపోతే అందం రాదు, ఆ కమ్మటి వాసనా రాదు. చిక్కటి గంజి ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు పోసి, గుడ్డలో వడకట్టి, అందులోనే నీలం కలపవచ్చు. అల్ట్రామెరీన్ నీలం నీళ్లలో కరగదు, రేణువులుగా తేలుతుంటుంది. కాబట్టి కలియబెడుతూ ముంచి వెంటనే తీసేయాలి, నానబెడితే చారలే. పొద్దున వార్చిన గంజిని పొద్దున్నే వాడేయాలి. మన ఉక్కపోతలో సాయంత్రానికి పులిసిపోతుంది, ఆ పులుపు పంచెకు పడుతుంది. పెట్టెలో దాచే బట్టలకు గంజి పెట్టకండి, పిండిపదార్థం కోసం వెండి పురుగులు చేరతాయి.

శ్రావణ భాద్రపదాల్లో ఈ ప్రయత్నమంతా వృథా అయ్యే అవకాశం ఎక్కువ. వసారాలో రెండు రోజులు ఆరని బట్టల ముతక వాసన మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా పని అని 2012లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఉతికాక కూడా కొన్ని మిగిలి, తడి దొరికినంతసేపూ పెరుగుతాయి. దాని మీద ఎంత అత్తరు చల్లినా రెండు వాసనలూ కలిసి మరింత వికారంగా ఉంటుంది. ముసురు రోజుల్లో గంజి మానేసి, గట్టిగా పిండి, బట్టకు బట్టకు జానెడు ఎడం వదిలి ఫ్యాను కింద ఆరేసి, అదే రోజు ఆరిపోయేలా చూసుకోవాలి. అప్పటికే వాసన పట్టినవాటిని మళ్లీ సోడాలో మరిగించాలి.