సెలీనియం అవసరం: నేల నుంచి జన్యువు దాకా

లాలాజలం నమూనా పంపితే జన్యువులను పరీక్షించి, ఎవరికి ఏ విటమిన్, ఏ ఖనిజం ఎంత మోతాదులో కావాలో చెబుతామనే ప్రకటనలు కొన్నేళ్లుగా మన నగరాల్లోనూ కనిపిస్తున్నాయి. మనిషికీ మనిషికీ పోషకాల అవసరం కొంత మారుతుందన్నది నిజమే. అయితే ఆ మార్పులో జన్యువుల వాటా ఎంత, తినే తిండి వాటా ఎంత అన్న ప్రశ్నకు జవాబు ప్రకటనల్లో దొరకదు. దానికి సెలీనియం చరిత్రను చూడాలి. ఒకే మోతాదు ఒకరికి మేలు, మరొకరికి కీడు చేయగలదని పెద్ద ఎత్తున తేలింది ఈ ఖనిజం విషయంలోనే.

1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సెలీనియంను గుర్తించాక, శతాబ్దానికి పైగా అది విషంగానే పేరు పడింది. 1930లలో అమెరికాలోని సౌత్ డకోటాలో పశువుల వెంట్రుకలు రాలి గిట్టలు ఊడిపోవడానికి అక్కడి నేలలో ఎక్కువగా ఉన్న సెలీనియమే కారణమని తేలింది. 1957లో క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ ఎలుకలపై చేసిన పరిశోధనతో ఈ అభిప్రాయం తలకిందులైంది. కాలేయం దెబ్బతినకుండా ఉండాలంటే ఆ ఎలుకలకు అతి స్వల్పంగానైనా సెలీనియం అందాల్సిందేనని వారు చూపారు. 1973లో కణాలను హానికర పెరాక్సైడ్ల నుంచి కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో సెలీనియం ఒక భాగమని రుజువు కావడంతో, శరీరంలో దాని పని ఏమిటో కూడా అర్థమైంది.

చైనాలో హెయ్‌లుంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కెషాన్ ప్రాంతం పేరుతో పిలిచే గుండె కండరాల జబ్బు, సెలీనియం బాగా తక్కువగా ఉన్న నేలల మీద బతికే గ్రామాల్లో పిల్లలను, గర్భం దాల్చే వయసు స్త్రీలను ఎక్కువగా బలి తీసుకునేది. 1974లో సిచువాన్ రాష్ట్రంలో 4,510 మంది పిల్లలకు సోడియం సెలీనైట్ (సెలీనియం లవణం) మాత్రలు ఇస్తే వారిలో 10 మందికి మాత్రమే జబ్బు వచ్చింది. మాత్రలు అందని 3,985 మందిలో 54 మందికి వచ్చింది. తేడా అంత స్పష్టంగా ఉండడంతో తరువాత పిల్లలందరికీ మాత్రలు ఇచ్చారు. ఇక్కడ గమనించాల్సిన మరో సంగతి ఉంది. అదే నేల, అదే తిండి అయినా మాత్రలు అందని పిల్లల్లో చాలామందికి జబ్బు రాలేదు. కాక్సాకీ వైరస్ పాత్ర కూడా ఇందులో ఉందని తరువాతి పరిశోధనలు సూచించాయి. లోపం ఒక్కటే అందరినీ ఒకేలా పడగొట్టదన్న ఆలోచనకు ఇది తొలి ఆధారాల్లో ఒకటి.

లోపం ఉన్నవారికి మాత్ర మేలు చేస్తుందని తేలాక, లోపం లేనివారికీ చేస్తుందేమో అన్న ఆశ పుట్టింది. అమెరికాలో లారీ క్లార్క్ బృందం చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1,312 మందిలో కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం, మిగిలినవారికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి, 1996లో ఫలితాలు ప్రచురించింది. చర్మ క్యాన్సర్ తిరిగి రావడం తగ్గలేదు కానీ, ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం మాత్ర వేసుకున్నవారిలో 63 శాతం తక్కువగా కనిపించింది. ఆ అంకె ప్రపంచమంతా పాకింది. దాన్ని పరీక్షించడానికే 2001లో ‘సెలెక్ట్’ అనే అధ్యయనం మొదలైంది. 35,533 మంది పురుషులతో సాగిన ఈ అధ్యయనంలో సెలీనియం, విటమిన్ ఈ మాత్రలను విడివిడిగానూ, కలిపీ ఇచ్చారు. మేలేమీ కనిపించక 2008లో మాత్రలు ఆపేశారు. 2011 నాటికి విటమిన్ ఈ మాత్రమే వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని తేలింది.

రెండు అధ్యయనాలకు ఇంత తేడా ఎందుకన్నదే ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ప్రశ్న అని నా అభిప్రాయం. క్లార్క్ అధ్యయనంలో పాల్గొన్నవారి రక్తంలో మొదట్లో సెలీనియం మిల్లీలీటరుకు సగటున 114 నానోగ్రాములు ఉండగా, సెలెక్ట్‌లో అది దాదాపు 136 దగ్గర ఉంది. క్లార్క్ అధ్యయనంలోనూ మేలు ముఖ్యంగా తక్కువ మట్టంతో మొదలైనవారికే దక్కింది. మొదటే ఎక్కువ మట్టం ఉన్నవారిలో మధుమేహం ముప్పు పెరిగిందని అదే అధ్యయనపు సమాచారంతో 2007లో వెల్లడైంది. సెలెక్ట్‌లో, అప్పటికే సెలీనియం ఎక్కువగా ఉండి మళ్లీ మాత్ర వేసుకున్నవారిలో తీవ్రమైన ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపైనట్టు 2014లో ప్రచురితమైంది. అంటే, మాత్రకు ముందు ఒంట్లో ఎంత ఉందన్నదే ఫలితాన్ని చాలావరకు నిర్ణయించింది.

జన్యువుల ప్రస్తావన వచ్చేది ఈ దశలోనే. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ను తయారుచేసే జీపీఎక్స్1 జన్యువులో ఒక చిన్న తేడా ఉన్నవారిలో, సెలీనియం పెరిగినా ఆ ఎంజైమ్ అంతగా చురుకెక్కదని ప్రయోగశాలలో చూపారు. బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో ఆరోగ్యవంతులకు ఆరు వారాలు రోజుకు 100 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చి చూసిన పరిశోధనలో, సెలీనియంను రక్తంలో మోసుకెళ్లే సెలీనోప్రొటీన్ పీ జన్యువులోని తేడాలను బట్టి స్పందన మారింది. స్త్రీ పురుష భేదం, శరీర బరువు కూడా ఆ స్పందనను ప్రభావితం చేశాయి. 2013లోనూ, ఆ తరువాతా వేలమంది జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టినప్పుడు, సెలీనియం మట్టంతో గట్టి సంబంధం ఉన్న చోటు అయిదో క్రోమోజోమ్ మీద దొరికింది. అయితే ఈ తేడాలన్నీ వివరించగలిగేది మనుషుల మధ్య వ్యత్యాసంలో కొద్ది భాగాన్నే.

పెద్ద ప్రభావం చూపే జన్యులోపాలు చాలా అరుదు. వాటి సంగతి ఇంకా ఆలోచింపజేసేది. శరీరం సెలీనియంను ప్రొటీన్లలో చేర్చుకోవడానికి తోడ్పడే ఎస్‌బీపీ2 జన్యువులో లోపం వల్ల థైరాయిడ్ పనితీరు గాడి తప్పుతుందని 2005లో గుర్తించారు. అలాంటివారికి సెలీనియం మాత్రలు ఇస్తే రక్తంలో ఖనిజం మట్టం పెరిగింది కానీ, కావలసిన ప్రొటీన్లు తయారు కాలేదు. జన్యువులో తేడా ఉందంటే ఆ పోషకం మరింత ఇవ్వాలని కాదన్నమాట.

జన్యువులో తేడా కనిపించగానే మాత్ర ఇచ్చే తొందరపాటు ఫోలిక్ ఆమ్లం విషయంలో ఎక్కువగా జరుగుతోంది. ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లపు సహజ రూపం)ను శరీరం వాడుకోవడానికి తోడ్పడే ఎమ్‌టీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువులోని 677 స్థానపు తేడాను 1995లో వివరించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ తేడా వచ్చినవారి రక్తంలో ఫోలేట్ సుమారు 16 శాతమే తక్కువగా ఉంటుంది. మామూలు ఫోలిక్ ఆమ్లం వారికీ పనిచేస్తుంది. అయినా ఈ ఒక్క పరీక్ష చూపి గర్భిణులకు ఖరీదైన మాత్రలు అంటగట్టడం బాధాకరం. దీనికి భిన్నంగా, జన్యు భేదాన్ని బట్టి మాత్ర ఇవ్వడం ఫలించిన ఉదాహరణ కూడా ఉంది. 2008లో ఇజ్రాయెల్ పరిశోధకులు హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రొటీన్ 2-2 రకంగా ఉన్న 1,434 మంది మధుమేహ రోగుల్లో కొందరికి విటమిన్ ఈ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 2.2 శాతం మందికి వచ్చాయి. ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 4.7 శాతం. ఈ 2-2 రకం భారతీయుల్లో చాలా ఎక్కువ. కానీ సెలెక్ట్‌లో క్యాన్సర్‌ను పెంచిందీ విటమిన్ ఈయే కనుక, మన జనాభాలో పెద్ద పరీక్ష జరగకుండా దీన్ని సలహాగా మార్చకూడదు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో భారతీయుల్లో విటమిన్ బీ12 మట్టాన్ని ప్రభావితం చేసే కొత్త తేడాలను ఎఫ్‌యూటీ6 జన్యువు దగ్గర గుర్తించారు. ఇది విలువైన పరిశోధన. అయినా మన దేశంలో బీ12 లోపానికి ప్రధాన కారణం మాంసం, పాలు, గుడ్లు తక్కువగా తినడమే. దాన్ని పట్టుకోవడానికి జన్యు పరీక్ష అక్కరలేదు, రక్త పరీక్ష చాలు.

సెలీనియంకు మన జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 40 మైక్రోగ్రాములను సిఫారసు చేస్తోంది. ఇలాంటి సిఫారసులను ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరికీ సరిపోయేలా, సగటు అవసరం కంటే పైన లెక్కగడతారు కనుక, సాధారణ జన్యుభేదాలకు అందులో చాలావరకు చోటు ఉంటుంది. పెద్దవారికి సురక్షితమైన గరిష్ఠ పరిమితిని అమెరికా 2000లో 400 మైక్రోగ్రాములుగా పెడితే, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో 255కు కుదించింది. సెలెక్ట్‌లో సెలీనియం మాత్రలు వేసుకున్నవారికి జుట్టు రాలడమే అందుకు ప్రధాన ఆధారం. పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని గ్రామాల గోధుమల్లో సెలీనియం మితిమీరి ఉంది. ఆ గోధుమలే తినే వ్యక్తి 200 మైక్రోగ్రాముల మాత్ర కూడా వేసుకుంటే, జన్యువులు ఎలాంటివైనా ఆ పరిమితిని సులభంగా దాటిపోతాడు.