సిగరెట్ తాగే యువత వేప్‌ను ఎందుకు నమ్మడం లేదు?

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండ్‌లో సిగరెట్ తాగేవారిని 2014 నుంచి 2023 వరకు ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు. సిగరెట్‌తో పోలిస్తే ఎలక్ట్రానిక్ సిగరెట్, అంటే వేప్, చేసే హాని తక్కువా, సమానమా, ఎక్కువా? 2014లో దాదాపు 44 శాతం మంది తక్కువేనన్నారు. 2023 నాటికి అలా అన్నవారు 27 శాతానికి పడిపోయారు. సగానికి మించి రెండూ ఒకటేననో, వేప్ ఇంకా చెడ్డదనో చెప్పారు. ఈ తొమ్మిదేళ్లలో శాస్త్రీయ ఆధారాలు మాత్రం దీనికి ఎదురు దిశలో బలపడుతూ వచ్చాయి. పరిశోధన ఒక వైపు, జనాభిప్రాయం మరో వైపు ఇంతగా విడిపోవడం ప్రజారోగ్యంలో అరుదు.

బ్రిటన్‌లో 18 నుంచి 24 ఏళ్ల వారిలో పొగతాగేవారు 2011లో 25.7 శాతం ఉండేవారు. 2023కి 9.8 శాతానికి తగ్గారు. ఇది ఘన విజయమే. నన్ను ఆలోచింపజేసేది మిగిలిపోయిన ఆ పదో వంతు. వీళ్లు ఊహ తెలిసినప్పటి నుంచి వేప్‌లను చూస్తూ పెరిగినవాళ్లు. చాలామంది ఒకటి రెండుసార్లు రుచి చూసి పక్కన పెట్టారు కూడా. అయినా సిగరెట్‌నే పట్టుకుని ఉన్నారంటే వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. వాటిని అజ్ఞానమని కొట్టిపారేస్తే లాభం లేదు. ప్రతి అభ్యంతరంలోనూ కొంత నిజం ఉంది. చదువుకోసం బ్రిటన్ వెళ్లిన మన తెలుగు విద్యార్థుల్లో సిగరెట్ అలవాటున్నవారికీ ఇవే సందేహాలు వస్తాయి కాబట్టి కాస్త లోతుగా చూద్దాం.

ముందు ఆ రెండింటి లోపలా ఏం జరుగుతుందో తెలియాలి. సిగరెట్ పీల్చిన క్షణంలో దాని కొస సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అంత వేడిలో ఆకు సగం కాలి, సగం కాలక, 7,000కు పైగా రసాయనాలున్న పొగగా మారుతుంది. వాటిలో 70 వరకు క్యాన్సర్ కారకాలు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో గుండెకు అందాల్సిన ఆక్సిజన్‌కు గండి పడుతుంది. జిగటగా ఉండే తారు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. ఈ విధ్వంసమంతా మండటం వల్ల వచ్చేదే.

వేప్‌లో మండేది ఏదీ లేదు. చిన్న తొట్టిలో ద్రవం, అందులో తడిసిన పత్తి వత్తి, వత్తిని చుట్టుకున్న లోహపు తీగ, దాన్ని వేడిచేసే బ్యాటరీ, అంతే. ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపే పదార్థాలు. తీగ వేడి మామూలుగా 200 నుంచి 250 డిగ్రీల దగ్గర ఉంటుంది. ద్రవం ఆవిరై, గాలి తగలగానే చిన్న తుంపరలుగా మారుతుంది. తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. అలాగని ఇది శుభ్రమైన గాలీ కాదు. వత్తి ఎండిపోయినప్పుడు మాడు రుచి వస్తుంది. ఆ సమయంలో ఫార్మాల్డిహైడ్ వంటి పదార్థాలు ఎక్కువగా పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాలు స్వల్పంగా కలుస్తాయి. రుచి పదార్థాలను ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చెప్పడానికి ఇంకా కొన్ని దశాబ్దాల పరిశీలన కావాలి.

కొత్త వస్తువు, దీర్ఘకాలపు హాని ఎవరికీ తెలియదు కదా అని యువకులు అంటే, అది సబబైన మాటే. చిక్కంతా ఆ మాట నుంచి వాళ్లు చేరే నిర్ణయంతోనే. వేప్ హాని పూర్తిగా తెలియదు కాబట్టి, హాని పూర్తిగా తెలిసిన సిగరెట్‌లోనే ఉండిపోతామంటున్నారు. దీర్ఘకాలం వాడేవారిలో దాదాపు సగం మందిని సిగరెట్ చంపుతుందని అర్ధశతాబ్దపు పరిశోధనలు తేల్చేశాక ఇంక తెలియాల్సింది ఏముంది? ఎన్నడూ పొగతాగని మనిషి వేప్‌ను స్వచ్ఛమైన గాలితో పోల్చుకోవాలి. జేబులో సిగరెట్ పెట్టె ఉన్న మనిషి ఆ పెట్టెతోనే పోల్చుకోవాలి.

ఆ పోలికకు ఒక అంకె బాగా ప్రచారంలో ఉంది. వేప్ హాని సిగరెట్ కన్నా సుమారు 95 శాతం తక్కువని 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ప్రకటించింది. దీర్ఘకాలపు హాని సిగరెట్ హానిలో 5 శాతాన్ని మించే అవకాశం తక్కువని మరుసటి ఏడాది రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా చెప్పింది. ఆ అంకెను నేను గట్టిగా పట్టుకోను. దాని మూలం 2014లో కొందరు నిపుణులు కూర్చుని వేసిన అంచనా. ప్రయోగశాలలో కొలిచి తేల్చింది కాదు, దానిపై విమర్శలూ వచ్చాయి. అయితే 2022లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు వందలాది అధ్యయనాలను జల్లెడ పట్టారు. సిగరెట్ తాగేవారితో పోలిస్తే, వేప్ మాత్రమే వాడేవారి రక్తంలో, మూత్రంలో విషపదార్థాల ఆనవాళ్లు చాలా తక్కువగా ఉన్నాయని తేల్చారు. అంకె ఏదైనా, తేడా పెద్దదే.

మరి నమ్మకం ఎందుకు కూలింది? అమెరికాలో 2019 వేసవిలో జరిగిన విషాదం అందులో పెద్ద కారణం. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చేరినవారు, చనిపోయినవారు కలిపి 2,807 మంది లెక్కకు వచ్చారు. మరణాలు 68. ప్రపంచమంతా పత్రికల్లో వేప్ పేరే వచ్చింది. తరువాత వైద్యులు 51 మంది రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ అసిటేట్ కనిపించింది. చాటుమాటుగా అమ్మే గంజాయి నూనె గొట్టాల్లో, నూనెను చిక్కబరచడానికి కలిపిన పదార్థమది. బ్రిటన్‌లో నికోటిన్ ద్రవాల్లో విటమిన్లు కలపడంపై అప్పటికే నిషేధం ఉంది. ఇంత వివరం రెండో వార్తగా వచ్చేసరికి, మొదటి వార్త చదివినవాళ్లు తమ అభిప్రాయం స్థిరపరచుకున్నారు. వేప్‌కు మారడమంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడటమేనన్న భావం నాటుకుపోయింది.

ఈ అభ్యంతరాలన్నిటిలో నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోచేది వేరే ఉంది. సిగరెట్ అయిపోతుంది, వేప్ అయిపోదు. వింటే చిన్న మాటలా ఉంటుంది గానీ ఇందులో సూక్ష్మమైన పరిశీలన ఉంది. సిగరెట్‌కు మొదలూ తుదీ ఉన్నాయి. పది పన్నెండు దమ్ములకు ముగుస్తుంది. బయటికి వెళ్లాలి, వెలిగించాలి, నలిపేసి లోపలికి రావాలి. ఎన్ని తాగామో పెట్టె చూస్తే తెలుస్తుంది. వేప్ మంచం పక్కన, కంప్యూటర్ ముందు, దిండు కింద ఉంటుంది. లెక్క ఉండదు. తమ అదుపు తప్పుతుందేమోనని భయపడే యువకులు తమ స్వభావాన్ని సరిగానే అంచనా వేసుకుంటున్నారు.

దీని వెనుక రసాయన శాస్త్రమూ ఉంది. పాత తరం ద్రవాల్లోని నికోటిన్ మోతాదు పెరిగితే గొంతు మండేది, కాబట్టి ఎక్కువ పీల్చలేకపోయేవారు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే వేప్‌లో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణ రూపంలోకి మార్చారు. క్షారగుణం తగ్గింది, మంటా తగ్గింది. బలమైన మోతాదు కూడా మెత్తగా గొంతు దిగిపోసాగింది. బ్రిటన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని, తొట్టి 2 మిల్లీలీటర్లు దాటకూడదని చట్టం. అంటే నిండు తొట్టిలో 40 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. తొట్టిలో ఉన్నదంతా రక్తంలోకి చేరదు, నిజమే. కానీ గొంతు అడ్డుచెప్పనప్పుడు, కొలత కంటికి కనబడనప్పుడు, అలవాటు బిగుసుకోవడం సులువు.

అదే లవణ నికోటిన్‌కు రెండో ముఖమూ ఉంది. సిగరెట్ మానాలనుకునేవాడికి సరిపడా నికోటిన్ అందకపోతే మారడం విఫలమవుతుంది. నికోటిన్ రక్తంలో ప్రతి రెండు గంటలకూ దాదాపు సగానికి పడిపోతుంది. చిరాకు, ఏకాగ్రత లోపం మొదలవుతాయి. చాలామంది యువకులు మంచిదనుకుని తక్కువ మోతాదు ద్రవంతో మొదలుపెడతారు. అది చాలక రెండో రోజుకే సిగరెట్ కొనుక్కుంటారు, వేప్ పనిచేయదని చెబుతారు. హాని నికోటిన్‌లోనే ఉందన్న అపోహే ఇక్కడ దెబ్బతీస్తోంది. మనుషులు నికోటిన్ కోసం పొగతాగి తారుతో చనిపోతున్నారని లండన్ మానసిక వైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే రాశాడు. నికోటిన్ వ్యసనం కలిగిస్తుంది, గుండె వేగాన్ని, రక్తపోటును కాసేపు పెంచుతుంది, గర్భిణులకు మంచిది కాదు. క్యాన్సర్‌కు ప్రధాన కారణం మాత్రం అది కాదు. ముందు పొగను పూర్తిగా ఆపి, ఆ తరువాత నెమ్మదిగా మోతాదు తగ్గించుకోవడమే సరైన వరస.

ఒక వ్యసనాన్ని ఇంకో వ్యసనంతో మార్చుకోవడమే కదా అన్న విమర్శకూ ఆధారం ఉంది. 2019లో ఇంగ్లండ్‌లో 886 మందిపై జరిగిన ప్రయోగాన్నే చూడండి. ధూమపానం మానిపించే కేంద్రాలకు వచ్చినవారిలో కొందరికి వేప్, మిగతావారికి నికోటిన్ గమ్, ప్యాచ్ వంటివి ఇచ్చారు. ఏడాది తరువాత వేప్ తీసుకున్నవారిలో 18 శాతం, మిగతావారిలో 9.9 శాతం సిగరెట్ మానేశారు. దాదాపు రెట్టింపు. కానీ వేప్‌తో మానినవారిలో 80 శాతం అప్పటికీ వేప్ వాడుతూనే ఉన్నారు. గమ్, ప్యాచ్‌లతో మానినవారిలో వాటిని కొనసాగించింది 9 శాతమే. వాళ్లు సిగరెట్ నుంచి బయటపడ్డారు, నికోటిన్ నుంచి బయటపడలేదు. నా మటుకు ఇది మేలైన బేరమే, పొగ పోయింది కాబట్టి. అయితే పూర్తిగా విముక్తి కావాలనుకునే ఇరవై రెండేళ్ల కుర్రాడు దీన్ని విజయంగా చూడకపోతే తప్పు పట్టలేను.

ఆ ప్రయోగంలో పాల్గొన్నవారి మధ్యస్థ వయసు 41 అన్నది గమనించాలి. యువకులు మానిపించే కేంద్రాల గడప తొక్కడమే తక్కువ. ఎందుకంటే చాలామంది తాము పొగతాగేవాళ్లమని ఒప్పుకోరు. శనివారం రాత్రి స్నేహితులతో, పరీక్షల ముందు, రోజుకు ఒకటో రెండో. మారాల్సినంత అలవాటు తమకు లేదని నమ్ముతారు. గుండె ఈ లెక్కను ఒప్పుకోదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం నెత్తిన పడుతుంది. ఇరవయ్యో వంతు కాదు, సగం.

ఇంకొందరు ముప్పైలోపు మానేస్తామని వాయిదా వేస్తారు. ఈ ధీమాకు శాస్త్రమే ఊతమిచ్చినట్లు కనిపిస్తుంది. రిచర్డ్ డాల్ బృందం బ్రిటిష్ వైద్యులను 50 ఏళ్లు వెంబడించి 2004లో వెల్లడించిన ఫలితాల్లో, జీవితాంతం తాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు కోల్పోయారు. ముప్పైకి మానినవారు దాదాపు మొత్తం తిరిగి పొందారు. నలభైకి మానినవారికి తొమ్మిదేళ్లు, యాభైకి ఆరేళ్లు, అరవైకి మూడేళ్లు దక్కాయి. ఈ అంకెలు ముప్పైకి నిజంగా మానినవారివి. మానాలనుకుని మానలేకపోయినవారు ఆ వరసలోకి రారు.

ఇక అసలు ప్రమాదానికి వస్తే, అది రెండూ వాడటం. 2024లో బ్రిటన్‌లో వేప్ వాడేవారిలో 53 శాతం మాజీ ధూమపానులైతే, 39 శాతం మంది సిగరెట్ కూడా తాగుతూనే ఉన్నారు. కొందరికి ఇది దాటే దశ. చాలామందికి మాత్రం అదే నివాసం. సిగరెట్ తాగరాని చోట వేప్, తాగగలిగిన చోట సిగరెట్. ఒక్క సిగరెట్ గుండెకు చేసేది తెలిశాక, ఈ సగం మార్పుతో తృప్తిపడటం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ ప్రభుత్వం పదిలక్షల మంది ధూమపానులకు ఉచితంగా వేప్ కిట్లు ఇస్తామన్నప్పుడు, దాంతోపాటు సలహాదారుల సహాయం జోడించింది ఇందుకే. వస్తువొక్కటే చేతికిస్తే సరిపోదు.

పొగ అలవాటే లేని పిల్లలకు ఈ లెక్కలన్నీ తలకిందులు. వాళ్లకు వేప్‌తో వచ్చే లాభం సున్నా, వ్యసనం మాత్రం మిగులుతుంది. ఎదిగే మెదడు నికోటిన్‌కు త్వరగా లొంగుతుంది. రంగురంగుల, వాడి పారేసే వేప్‌లను బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించడం ఆ భయంతోనూ, చెత్తకుప్పల్లో చేరే బ్యాటరీల వల్లనూ.

మన దేశం వేప్‌కు తలుపే మూసేసింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ అన్నీ నేరాలే. అమ్మకం వంటివాటికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. లండన్ నుంచి వచ్చే విద్యార్థి సూట్‌కేసులో పెట్టుకుని రావడం దిగుమతి కిందికే వస్తుంది. పిల్లలను కాపాడాలన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. నన్ను బాధించేది, అదే సమయంలో సిగరెట్, బీడీ ప్రతి పాన్ డబ్బాలో దొరకడం. హాని ఎక్కువైనది చేతికి అందుతోంది, తక్కువైనదానికి జైలు ఉంది.

అలాగని చీకటి బజారులో వేప్ వెతుక్కోమని చెప్పను. అందులో ఏ ద్రవం ఉందో తెలియదు, అమెరికా విషాదం అలాంటి సరుకుతోనే వచ్చింది. ఇక్కడ చట్టబద్ధంగా ఉన్న దారి నికోటిన్ గమ్. మందుల దుకాణాల్లో దొరుకుతుంది, కానీ చాలామంది బబుల్‌గమ్‌లా నమిలి, వెక్కిళ్లు, కడుపులో మంట వచ్చి పారేస్తారు. నెమ్మదిగా నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, దవడకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటి పొరల గుండా రక్తంలోకి చేరాలి, మింగేస్తే పొట్టలో వృథా అవుతుంది. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచేయదు, ఎందుకంటే నోటిలోని ఆమ్లత నికోటిన్‌ను లోపలికి పోనివ్వదు. పావుగంట ఆగాలి. సలహా కావాలంటే సిగరెట్ పెట్టెల మీదే ముద్రించి ఉండే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.