బోర్డెక్కే ముందు గోదారి సంగతులు

ధవళేశ్వరం

చి. బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే, గాలి కొట్టుకునే పాడిల్ బోర్డు కొన్నాననీ, వేసవి సెలవులకి మీతోపాటు దాన్ని కూడా తెస్తున్నాననీ మీ మావయ్య ఫోన్ చేశాడు. మీరిద్దరూ అప్పుడే సోఫా మీద నిలబడి ప్రాక్టీసు మొదలుపెట్టారట. అమ్మమ్మకి టెన్షన్ పట్టుకుంది. నాకు టెన్షన్ లేదు కానీ, షరతు ఉంది. ఈ ఉత్తరం ఇద్దరూ చివరిదాకా చదివాకే బోర్డు నీళ్లలో పడాలి. నా ఉద్యోగమంతా బ్యారేజీ గేట్ల దగ్గరే గడిచింది కాబట్టి నీళ్ల గురించి నాకు కాస్త తెలుసు. బోర్డు గురించి ఈమధ్యే చదివీ, అడిగీ తెలుసుకున్నాను.

మావయ్య కొన్నది పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. అంత గాలి నింపినా అది ట్యూబులా గుండ్రంగా ఉబ్బదు, బల్లలా చదునుగా ఉంటుంది. పైపొరకీ కిందిపొరకీ మధ్య వేలకొద్దీ సన్నటి దారాలు నిలువునా కుట్టి ఉంటాయి. గాలి ఆ పొరల్ని విడదీయాలని చూస్తుంటే దారాలు పట్టి లాగుతుంటాయి. దాంతో అది బిగుసుకుంటుంది. 15 పీఎస్‌ఐ దాకా కొట్టాలి, అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడిలో సగం. చేతిపంపుతో ఆఖరి నాలుగు పాయింట్లు కొట్టేసరికి ఒళ్లంతా చెమటలు పడతాయి. అక్కడ బద్ధకిస్తే బోర్డు మధ్యలో వంగి ఊగుతుంది. దాని ఘనపరిమాణం సుమారు 300 లీటర్లు కాబట్టి మీరిద్దరూ కలిసి ఎక్కినా మునగదు. కానీ పక్కకి ఒరిగి మిమ్మల్ని నీళ్లలో పడేయడానికి క్షణం పట్టదు.

ఈ ఆట హవాయి దీవుల్లో మొదలైంది. అక్కడి వైకీకీ తీరంలో సర్ఫింగ్, అంటే బోర్డెక్కి అలల మీద జారే ఆట, నేర్పేవాళ్లు కొందరు బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తూ తిరిగేవాళ్లు. 2000 ప్రాంతంలో పెద్ద అలల మీద ఆడే సర్ఫర్ల వల్ల ప్రపంచమంతా పాకింది. మన కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి గెడ వేసుకుంటూ పోయేవాళ్లని చూసిన నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు, దాని ధర తప్ప.

మొదట మోకాళ్ల మీదే. బోర్డు మధ్యలో పిడి ఉంటుంది, దానికి అటూ ఇటూ మోకాళ్లు పెట్టుకుని కాసేపు తెడ్డు వేయండి. తర్వాత ఒక్కో పాదం మోకాలి చోటికి తెచ్చుకుని లేవండి. పాదాల మధ్య భుజాలంత ఎడం, మోకాళ్లలో కాస్త వంపు, చూపు ఎదరికి. కాళ్ల వంక చూశారో, పడ్డారే! తెడ్డు మీ ఎత్తు కన్నా జానెడు పొడుగుండాలి. దాని ఆకు వంపు ముందుకి తిరిగి ఉండాలి. కొత్తవాళ్లు చాలామంది తిరగేసి పట్టుకుంటారు. ఆకు మొత్తం ముంచి, బోర్డు పక్కనుంచే పాదం దాకా లాగి తీసేయాలి. అంతకన్నా వెనక్కి లాగితే బోర్డు పక్కకి తిరిగిపోతుంది. ఒళ్లు ఊగినప్పుడు తెడ్డు పైకెత్తి చేతులు ఆడించకండి. అది నీళ్లలో ఉంటేనే మీకు ఆసరా.

పడటం కూడా నేర్చుకోవాలి. పక్కకి, బోర్డుకి దూరంగా, వెల్లకిలా పడండి. తలకిందులుగా దూకారంటే మాత్రం నేను ఒప్పుకోను. గోదాట్లో ఒకచోట ఇసుక మేట మోకాలి లోతులో ఉంటుంది, నాలుగడుగులు వేస్తే ఇసుక తవ్విన గొయ్యి తాటిచెట్టంత లోతుంటుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మళ్లీ ఎక్కేటప్పుడు మధ్య పిడి పట్టుకుని, కాళ్లు వెనక తేల్చి తన్నుతూ పొట్ట మీద పాకండి.

ఇక గోదారి. ఏప్రిల్, మే నెలల్లో రాజమండ్రి కోటిలింగాల రేవులో నిలబడి చూస్తే నీరు కదలనట్టే ఉంటుంది. త్ర్యంబకంలో పుట్టి దాదాపు 1,465 కిలోమీటర్లు పారే నది ఇక్కడికొచ్చి చెరువులా ఎందుకు నిలబడిందంటే, దిగువన మా ఊళ్లో గేట్లు దించి ఉన్నాయి కాబట్టి. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి ఇప్పటి బ్యారేజీ వచ్చింది. మధ్యలో లంకలు ఉండటంతో నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మొత్తం 175. గేటు పైకి లేస్తే నీరు దాని అడుగునుంచి పోతుంది. అంటే పైన అద్దంలా కనిపించే నీరే లోపల లాగుతూ ఉండొచ్చు. బ్యారేజీ దగ్గరా, కాలువల్లోకి నీరు వదిలే తలుపుల, అంటే హెడ్ స్లూయిస్‌ల దగ్గరా బోర్డు వేద్దామని మావయ్య అన్నా సరే, మీరు వద్దనండి.

నీటి వేగం రెట్టింపైతే అది మిమ్మల్ని తోసే బలం నాలుగింతలవుతుంది. ఈ లెక్క మీ సైన్సు టీచర్ని అడగండి. జూలైలో ఎగువ వానలకి ఎర్రనీరు దిగిందంటే బోర్డు అటక ఎక్కాల్సిందే. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మొదటి హెచ్చరిక నాటికే పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోతుంటుంది. ఒక్క క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు, మిగతా గుణకారం మీరే చేసుకోండి. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ రోజుల గురించి అడిగితే అమ్మమ్మ ఇప్పటికీ గట్టువైపే చూస్తూ మాట్లాడుతుంది.

ఎండాకాలంలో మీకు అసలు ఇబ్బంది నీటితో కాదు, గాలితో. నిలబడ్డ మనిషే తెరచాప. పొద్దున్నే నీరు కదలకుండా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లాలి, అలిసిపోయి వచ్చేటప్పుడు అదే మనల్ని తోస్తుంది. గాలి ఎక్కువైతే సిగ్గుపడకుండా మోకాళ్ల మీదకి దిగండి. పడమట మబ్బు పట్టి ఉరిమిందంటే ఆ క్షణమే ఒడ్డుకి. అంత విశాలమైన నీటి మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది మీ తలకాయే.

బోర్డుకీ మనిషికీ మధ్య కట్టుకునే తాడు ఒకటుంది, లీష్ అంటారు. దీని గురించి మావయ్యతో నేను గట్టిగానే వాదించాను. నిలవ నీటిలో అది కావాలి. మీరు పడ్డాక గాలికి బోర్డు కొట్టుకుపోతే ఈదినా దాన్ని అందుకోలేరు. కానీ పారే నీటిలో ఆ తాడు చీలమండకి కట్టుకోకూడదు. గోదారి మీద 1900 నాటి పాత రైలు బ్రిడ్జి, అదే హేవ్‌లాక్ వంతెన స్తంభాన్నే తీసుకోండి. బోర్డు స్తంభానికి ఒక పక్కనుంచీ మీరు ఇంకో పక్కనుంచీ పోతే, తాడు మధ్యలో తగులుకుంటుంది. ప్రవాహం మిమ్మల్ని చాచిపెట్టి లాగుతుంటే, వంగి కాలు అందుకోవడం పెద్దవాళ్ల వల్ల కూడా కాదు. జాలర్ల వలలో తగులుకున్నా, కట్టేసిన ఇసుక పడవ కింద ఇరుక్కున్నా అంతే. అందుకని నడుముకి కట్టుకునే రకం, ఒక్కసారి లాగితే ఊడిపోయేది కొనమన్నాను. కొన్నాడో లేదో మీరే చూసి నాకు చెప్పండి. దాన్ని ఒడ్డున కళ్లు మూసుకుని ఊడదీయడం వచ్చాకే నీళ్లలోకి. అయినా వంతెన స్తంభాల దగ్గరికి మాత్రం పోవద్దు.

లైఫ్ జాకెట్ గురించి వాదన లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదారి వరద నీటిలో పర్యాటక బోటు మునిగింది. చనిపోయినవాళ్లు యాభై మంది దాకా ఉంటారు. మీకు ఈత వచ్చని తెలుసు. అయినా జాకెట్ వేసుకోవాలి, బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి.

రేవులో స్నానాలు చేసేవాళ్లకీ, వలలు వేసేవాళ్లకీ మనమే దారి ఇవ్వాలి, వాళ్లు మనకి కాదు. నీళ్లలో ఉన్న మెట్లకి పాచి పట్టి ఉంటుంది, చూసుకుని దిగండి. మురుగు కాలువ కలిసే చోట దిగొద్దు. నాకు తెలిసిన పడవాయన ఒకాయన ఉన్నాడు. ఎక్కడ మేటలున్నాయో, ఎక్కడ గోతులున్నాయో ఆయనకే ఎక్కువ తెలుసు. పొద్దున్న ఆరింటికల్లా తన నాటుపడవ వేసుకుని మన పక్కనే వస్తానన్నాడు. ఆయన వెనక్కి రమ్మంటే అందరం వెనక్కే, మావయ్యతో సహా.

యానాం తీసుకెళ్లమని చిన్నా అడిగాడట. అక్కడ గౌతమి పాయలోకి సముద్రపు పోటు ఎక్కుతుంది, ఆరు గంటలకోసారి నీరు దిశ మారుస్తుంది. ఇక్కడ మీరిద్దరూ సరిగ్గా పడటం, ఎక్కడం నేర్చుకున్నాక ఆ సంగతి మాట్లాడదాం.

గాలి నిండిన బోర్డుని మన ఎండలో రేవు రాళ్ల మీద వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి అతుకులు ఊడిపోతాయి, ఒడ్డుకి రాగానే కాస్త గాలి తీయాలని మావయ్యకి గుర్తుచేయండి. జాకెట్లు మీ కొలతకి అక్కడే కొనుక్కోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు సంచీలో పంపు, నడుము తాడు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. తెల్లవారుజామున స్టేషన్‌కి నేనే వస్తాను.

మీ
తాతయ్య