పన్నెండున్నరకు తెరుచుకునే డబ్బా

ఉదయం ఏడున్నరకు వంటింట్లో పొగలు కక్కుతూ డబ్బాలోకి వెళ్లిన అన్నం, మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి వరండాలో మూత తీసేసరికి అదే అన్నంగా ఉండదు. ఆ ఐదు గంటల్లో దాని మెత్తదనం మారుతుంది, వాసన మారుతుంది, ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ మెతుకుల మీదే కారుతుంది. పెద్దవాళ్లం సర్దుకుని తినేస్తాం. తిండి దగ్గర పేచీ పెట్టే ఐదారేళ్ల పిల్లలు మాత్రం ఒకసారి చూసి మూత పెట్టేస్తారు. సాయంత్రం బరువుగా తిరిగొచ్చిన డబ్బాను చూసి ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా, పిల్లలను బడి బస్సు ఎక్కించే చోట నిలబడితే వినిపించే మొదటి ఫిర్యాదు ఇదే. నిజానికి ఆ డబ్బాలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఒకటి పిల్లల మెదడుకు సంబంధించినది, రెండోది అన్నంలోని పిండిపదార్థానికి సంబంధించినది. రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకుంటే, కొత్త వంటకాల కోసం ఎక్కడో వెతకాల్సిన పని ఉండదు.

ముందు పిల్లల సంగతి. ఏడాది బిడ్డ ఏది నోట్లో పెట్టినా మింగుతుంది. అదే బిడ్డ రెండేళ్లు దాటాక పళ్లెంలో కరివేపాకు కనిపించినా చేయి వెనక్కి తీసుకుంటుంది. తెలియని తిండి అంటే ఉండే ఈ భయం రెండు నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. సొంతంగా నడుస్తూ, చేతికందిన ఆకునూ కాయనూ నోట్లో పెట్టుకోగలిగే వయసు అది. ఆ వయసులో తెలియనిదాన్ని వద్దనుకున్న పిల్లలే విషపు మొక్కల బారిన పడకుండా బతికి ఉంటారని, అందుకే ఈ భయం మనలో నిలిచిపోయిందని శాస్త్రవేత్తల వివరణ. బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ల వయసున్న ఐదు వేలకు పైగా కవల జంటల మీద జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. పిల్లల మధ్య ఈ భయంలో కనిపించే తేడాలకు దాదాపు 78 శాతం వరకు జన్యువులే కారణమని అందులో తేలింది. ‘పెద్దది అన్నీ తినేది, వీడే ఇలా తయారయ్యాడు’ అని తన పెంపకాన్ని తప్పుపట్టుకునే తల్లికి ఈ అంకె చూపించాలనిపిస్తుంది.

చేదు విషయంలోనూ అంతే. కొన్ని రకాల చేదును పసిగట్టే టాస్2ఆర్38 అనే జన్యువును 2003లో గుర్తించారు. అందులోని తేడాల వల్ల ఒకే కూర ఒకరికి చప్పగా, ఇంకొకరికి చేదుగా తెలుస్తుంది. పైగా ఒకే రకం జన్యువున్నా, పెద్దలకు తెలియనంత కొద్దిపాటి చేదు పిల్లలకు తెలిసిపోవచ్చు. మెంతికూర పప్పు తినననే పిల్లవాడు నటించడం లేదు, వాడి నాలుక మీద అది నిజంగానే చేదు. పులుపు దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద 2003లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో మూడింట ఒక వంతుకు పైగా పిల్లలు, పెద్దలు భరించలేనంత పులుపును కోరి మరీ ఎంచుకున్నారు. బడి గేటు దగ్గర రేగుపండ్ల బండి చుట్టూ, చింతచెట్టు కింద మూగే పిల్లలను చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఈ పులుపు సంగతి గుర్తుంచుకోండి, డబ్బా దగ్గర పనికొస్తుంది.

భయం పుట్టుకతో వచ్చినా, అలవాటుతో తగ్గుతుంది. అమెరికా పరిశోధకురాలు లియాన్ బర్చ్ 1980లలో చిన్నపిల్లలకు కొత్త పదార్థాలను మళ్లీ మళ్లీ రుచి చూపించారు. ఎన్నిసార్లు రుచి చూస్తే అంతగా ఇష్టం పెరిగింది. ఆ తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఒక కొత్త రుచి దారికి రావడానికి సుమారు ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుంది. ఊరికే కళ్లతో చూస్తే చాలదు, నాలుకకు తగలాలి. గోరంత ముక్క అయినా చాలు, ఉమ్మేసినా ఫరవాలేదు. చాలా ఇళ్లలో మూడు నాలుగు సార్లకే ‘వీడికి బీరకాయ పడదు’ అని తీర్పు చెప్పేస్తాం. బర్చ్ బృందమే 1984లో ఇంకో విషయం గమనించింది. ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామని చెప్పి తాగించిన పిల్లలకు, ఆ తర్వాత ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. 2006లో వచ్చిన మరో ప్రయోగంలో సూపు మొత్తం తాగమని పదేపదే ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువ తాగారు, ఎక్కువ విసుక్కున్నారు. కూర తింటేనే ఫోను ఇస్తానని బేరం పెట్టే ఇంట్లో కూర మీద పెరిగేది అయిష్టమే.

ఇక్కడే నా గట్టి అభిప్రాయం చెబుతాను: బడి డబ్బా కొత్త రుచికి చోటు కాదు. అక్కడ పక్కన అమ్మ ఉండదు, తాతయ్య తిని చూపించడు. చుట్టూ గోల ఉంటుంది, సమయం తక్కువ, ఆటకు తొందర. పక్క పిల్లవాడు ముక్కు మూసుకున్నాడంటే ఆ వంటకం ఏడాదంతా మళ్లీ ముట్టరు. కొత్తది ఇంట్లో, నలుగురితో కలిసి కూర్చున్నప్పుడు, రాత్రి పళ్లెం అంచున గోరంత పెట్టాలి. డబ్బాలోకి తెలిసినదే వెళ్లాలి. వరుసగా నాలుగు రోజులు ఒకే పులిహోర పెట్టానని బాధపడాల్సిన పనే లేదు.

తెలిసినదే పెట్టినా తిరిగొస్తే అది రెండో సమస్య. బియ్యం ఉడికినప్పుడు అందులోని పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, మెతుకు మెత్తబడుతుంది. చల్లారేకొద్దీ ఆ పిండిపదార్థంలోని అమైలోజ్ అనే పొడవాటి గొలుసులు మళ్లీ దగ్గరికి చేరి బిగుసుకుంటాయి, నీటిని బయటికి తోసేస్తాయి. అందుకే అన్నం గట్టిపడుతుంది. ఫ్రిజ్ చలిలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత బిగిస్తే ఇంకో ప్రమాదం ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల్లాంటి రూపంలో బియ్యంలో ఉంటుంది. ఆ విత్తులు ఉడికినా చావవు. గోరువెచ్చగా, తడిగా ఉన్న అన్నంలో గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరుగుతాయి. అవి విడుదల చేసే ఒక రకం విషం తిరిగి వేడి చేసినా పోదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన జిల్లాల్లో డబ్బా దానికి తగిన చోటే.

ఇప్పుడు సద్దుల బతుకమ్మ నాటి పళ్లేలను గుర్తు చేసుకోండి. చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది. పొద్దున వండి, సాయంత్రం చెరువు గట్టున పంచుకుని తినే అన్నాలివి. వండిన చోటు నుంచి తినే చోటుకు గంటల తరబడి ప్రయాణం చేయడానికి పుట్టినవి. అన్నాన్ని ముందుగా పళ్లెంలో పరచి ఆరబెడతాం, ఆవిరి పోతుంది. పైన నూనె, పసుపు కలుపుతాం, మెతుకు చుట్టూ నూనె పొర ఏర్పడి తడి ఆరిపోకుండా ఆపుతుంది, ఒకదానికొకటి అతుక్కోవు. పులుపు బాగా పట్టిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ పెరగడం కష్టం. పైగా పులుపంటే పిల్లలకు ఎలాగూ ప్రాణం. అన్నం అదే, చేతికి తగిలే తీరు అదే, పైన రుచి ఒక్కటే మారుతుంది. తెలిసినదాన్ని వదలకుండా కొంచెం కొంచెం జరగడం పేచీ పిల్లల విషయంలో ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకు, ఈ సద్దుల వరుస ఎంత తెలివైనదో అర్థమవుతుంది.

పెరుగు సద్దిని కాస్త దగ్గరగా చూద్దాం. ఏడున్నరకు పుల్లటి పెరుగు కలిపితే ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నానికి అది నోట్లో పెట్టుకోలేనంత పులుస్తుంది. లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాకు నలభై డిగ్రీలంటే పండగ. అందుకే తెలిసినవాళ్లు అన్నాన్ని మెత్తగా మెదిపి, కాచి గోరువెచ్చగా ఆరిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేస్తారు. తోడు డబ్బాలోనే పడుతుంది. పిల్లవాడు మూత తీసే వేళకు పాలు పెరుగవుతూ, అన్నం తియ్యగా, చల్లగా ఉంటుంది. చలికాలంలో అదే పని నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి రెండు చెంచాలు వేయాలి.

నువ్వుల సద్దికి ఇంకో విలువ ఉంది. పొట్టు తీయని నువ్వులు వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తైదల్లో, అంటే రాగుల్లో, సుమారు 350. పొట్టు తీసేస్తే నువ్వుల్లో కాల్షియం చాలా వరకు పోతుంది, అలా పొట్టు తీసిన తెల్ల నువ్వులు చూడటానికి బాగుంటాయి తప్ప ఈ లెక్కలో వెనుకబడతాయి. నల్లగొండ జిల్లాలో ఈ మాట బరువు వేరు. మర్రిగూడ, మునుగోడు వైపు నేలలోని నీటిలో ఫ్లోరైడ్ ఎన్ని ఎముకలను వంచిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆహారంలో కాల్షియం, సి విటమిన్ తక్కువైన పిల్లల మీద ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడి పిల్లలకు 18 రోజుల పాటు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో వచ్చిన ఆ అధ్యయనం చిన్నదే. మంచి నీటికి చింతపండు ప్రత్యామ్నాయం కాదు. అయినా మన వంటింటి పులుపుకు ఇలాంటి గుణం కూడా ఉందని తెలియడం నాకు చాలా ఇష్టమైన విషయం.

అన్నం అసలే వద్దనే పిల్లలకు జొన్న రొట్టె పెడదామంటే అది మధ్యాహ్నానికి అట్టలా అవుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు, సాగే గుణం ఉండదు, పిండిపదార్థం బిగుసుకున్నాక పెళుసే మిగులుతుంది. దీనికి జవాబు మలీద. రొట్టె వేడిగా ఉండగానే నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. బెల్లం నీటిని పట్టి ఉంచుతుంది, నెయ్యి పిండిపదార్థం మధ్య చేరి బిగుసుకోనివ్వదు. అందుకే సాయంత్రానికి కూడా ముద్ద మెత్తగా విరుగుతుంది. పాలమూరు పల్లీల పొడి ఒక చెంచా అందులో కలిపితే ప్రోటీన్ కూడా చేరుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి. పొడి చేసే పెట్టాలి.

గుడ్డు మంచిదే, కానీ డబ్బాలో దాని వాసనే పిల్లల పరువు తీస్తుంది. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొన నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆకుపచ్చ వలయంగా కనిపిస్తుంది. నీళ్లు మరిగాక పది నిమిషాలకు దించి, వెంటనే చల్లనీళ్లలో వేసి, పెంకుతోనే పంపితే ఆ గొడవ చాలా తగ్గుతుంది.

నల్లగొండ బత్తాయిని రసం తీసి సీసాలో పంపడం అందరూ చేసే పొరపాటు. పిండిన రసంలో లిమోనిన్ అనే చేదు పదార్థం మెల్లగా తయారవుతుంది, పన్నెండున్నరకు అది చేదెక్కి ఉంటుంది. తొనలుగా ఒలిచి, పొర చిరగకుండా పెట్టండి. అందులోని సి విటమిన్ వల్ల పప్పులోని, ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే ఆకలి కూడా తగ్గుతుంది, ఆకలి తగ్గితే ఇనుము ఇంకా తగ్గుతుంది. ఏమీ తినడం లేదని రోజుకు మూడు నాలుగు గ్లాసుల పాలు పట్టిస్తే ఈ సుడి ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే పాలలో ఇనుము దాదాపు లేదు, కడుపు మాత్రం నిండుతుంది. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం నమిలే పిల్లలను తిట్టకుండా రక్తపరీక్ష చేయించండి. బరువు పెరగకపోయినా, మింగేటప్పుడు పదేపదే పొలమారుతున్నా, తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోతున్నా అది పేచీ అనుకోకుండా వైద్యులకు చూపించాలి.

ఎంత పెట్టాలన్న దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. మధ్యాహ్న భోజన పథకం ప్రాథమిక తరగతుల పిల్లలకు నిర్ణయించినది 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. అది కూడా ఐదో తరగతి దాకా అందరికీ కలిపి వేసిన లెక్క. ఒకటో తరగతి పిల్లకు ఇంకా తక్కువే సరిపోతుంది. 1991లో వచ్చిన బర్చ్ బృందం అధ్యయనంలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు ఒక్కో పూట తినే పరిమాణం బాగా మారుతూ ఉన్నా, రోజు మొత్తం చూస్తే శక్తి లెక్క దాదాపు నిలకడగా ఉంది. మధ్యాహ్నం తక్కువ తిన్న పిల్లలు సాయంత్రం దాన్ని పూడ్చుకుంటారు. బడి నుంచి రాగానే బిస్కెట్ పొట్లం విప్పకుండా గుడాలో అటుకులో సిద్ధంగా ఉంచితే చాలు. నిండా కుక్కిన డబ్బాను చూడగానే సగం మంది పిల్లలు ఓడిపోతారు. చిన్న డబ్బా, మూడు వంతులు నింపినది, ఖాళీగా తిరిగొస్తుంది.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పన్నెండున్నరకే బడి వదిలి ఇల్లు చేరతారు, డబ్బా ఉండదు, ఆకలి బాగా ఉంటుంది, నాయనమ్మో అమ్మమ్మో పక్కనే కూర్చుంటారు. బీరకాయ, సొరకాయ, పాలకూర, ఏది కావాలంటే అది గోరంత ముక్కగా మొదలుపెట్టడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి నెలలు లేవు. వేసవి సెలవులు కూడా కలిపితే ఒక్కో కూరకు పదిహేను సార్లు తేలిగ్గా దొరుకుతాయి. జూన్‌లో బడి తెరిచే నాటికి వాటిలో ఒకటి రెండు తెలిసిన రుచుల్లో చేరి, డబ్బాలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉంటాయి.