చార్ల్స్‌టౌన్ నుంచి టెక్సాస్ దాకా: నగరం హద్దు ఎవరి చేతిలో?

అమెరికాలో చాలా నగరాల చార్టర్లలో చివరి పేజీకి వెళ్తే ఇంచుమించు ఒకే వాక్యం కనిపిస్తుంది. ఇందులోని ఏ సెక్షన్‌నైనా, ఏ వాక్యాన్నైనా న్యాయస్థానం చెల్లదని తేల్చినా, మిగిలినదానికి భంగం కలగదు అన్నది దాని సారాంశం. దీన్ని అక్కడ సెవరబిలిటీ క్లాజు అంటారు. తెలుగులో విభజనీయత అనవచ్చు. చార్టర్ అంటే నగరానికి రాజ్యాంగం లాంటిది. ఆర్డినెన్స్ అనే మాట విషయంలో మాత్రం తెలుగు పాఠకుడు కాస్త జాగ్రత్తపడాలి: మన దగ్గర అది రాష్ట్రపతి లేదా గవర్నరు జారీ చేసే తాత్కాలిక శాసనం, అక్కడ నగర కౌన్సిల్ చేసే స్థానిక చట్టం. చెల్లని భాగాన్ని వేరుచేయడం, పక్క ఊరిని కలుపుకోవడం, స్థానిక చట్టాన్ని అమలు చేయడం అనేవి మూడు వేర్వేరు సంగతులుగా కనిపిస్తాయి గానీ, మొదటి రెండూ 1854లో ఒకే కేసులో ముడిపడ్డాయి.

బోస్టన్‌కు ఎదురుగా చార్ల్స్ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న చార్ల్స్‌టౌన్, 1775లో బంకర్ హిల్ యుద్ధం జరిగిన చోటు, 1847లో నగర హోదా పొందింది. దాన్ని బోస్టన్‌లో విలీనం చేస్తూ మసాచుసెట్స్ శాసనసభ 1854లో చట్టం చేసింది. రెండు నగరాల ఓటర్లూ అందుకు ఒప్పుకున్నారు. అయినా వ్యవహారం కోర్టుకెక్కింది. చార్ల్స్‌టౌన్ మిడిల్‌సెక్స్ కౌంటీలో, బోస్టన్ సఫోక్ కౌంటీలో ఉన్నాయి. చట్టసభల స్థానాల పంపకం అప్పటికే ఆ హద్దులను బట్టి జరిగిపోయింది. ఊరు ఒక కౌంటీ నుంచి ఇంకొక కౌంటీలోకి మారితే అక్కడి ఓటర్ల ప్రాతినిధ్యం ఏమవుతుందన్న ప్రశ్నకు చట్టంలో రాజ్యాంగానికి నిలబడే సమాధానం లేదని రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆ లోపాన్ని మాత్రం తీసేసి విలీనాన్ని నిలబెట్టవచ్చా? ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా కుదరదన్నారు. చట్టంలోని భాగాలు ఒకదానికొకటి షరతుగా, ప్రతిఫలంగా అల్లుకుపోయి, అన్నీ కలిసి అమలు కావాలనే శాసనసభ తలచిందని నమ్మేలా ఉంటే, ఒకటి పోయినప్పుడు దానిమీద ఆధారపడినవన్నీ పోవాలి అన్నది ఆయన చెప్పిన సూత్రం. చట్టం మొత్తం కొట్టుకుపోయింది. చార్ల్స్‌టౌన్ మళ్లీ 1873లో ఓటు వేసి, 1874 జనవరిలో గానీ బోస్టన్‌లో కలవలేదు. అదే 1873లో బ్రూక్‌లైన్ విలీనాన్ని కాదంది. చుట్టూ చాలావరకు బోస్టనే ఉన్నా, ఆ పట్టణం ఈనాటికీ విడిగానే ఉంది.

షా సూత్రం న్యాయశాస్త్ర గ్రంథాల ద్వారా దేశమంతా పాకింది. చట్టంలో సెవరబిలిటీ క్లాజు ఉండటం న్యాయమూర్తికి ఒక సాయమే తప్ప తిరుగులేని ఆజ్ఞ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1924లో స్పష్టం చేసింది. మన సుప్రీంకోర్టు కూడా 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో విభజనీయత నియమాలను క్రోడీకరించినప్పుడు అమెరికన్ గ్రంథకర్తలనే ఉదాహరించింది. కాబట్టి పాత చార్టర్ నుంచి ఆ వాక్యాన్ని కొత్త చార్టర్‌లోకి ఎత్తి రాసుకున్నంత మాత్రాన భరోసా దొరకదు. ఉదాహరణకు ఒక ఆర్డినెన్స్ అద్దె ఇళ్లకు లైసెన్సు, ఏటా తనిఖీ, తప్పితే జరిమానా అని మూడు పెట్టి, తనిఖీ ఖర్చును లైసెన్సు రుసుము నుంచే తీయమందనుకుందాం. రుసుము చెల్లదని తేలితే, డబ్బు లేని తనిఖీని కౌన్సిల్ కోరుకుని ఉండేదా అన్న ప్రశ్నను క్లాజు ఉన్నా లేకపోయినా న్యాయమూర్తి వేసుకోక తప్పదు.

చార్ల్స్‌టౌన్‌లో కనీసం రెండు ఊళ్లనూ విడివిడిగా అడిగారు. పిట్స్‌బర్గ్ పక్కనే నదికి అవతల ఉన్న అలెఘెనీకి ఆ గౌరవం కూడా దక్కలేదు. పెన్సిల్వేనియా 1906లో చేసిన చట్టం రెండు నగరాల ఓట్లనూ కలిపి లెక్కించమంది. అలెఘెనీ ఓటర్లలో ఎక్కువమంది వద్దన్నారు, పెద్ద నగరమైన పిట్స్‌బర్గ్ ఓట్లలో వాళ్ల ఓట్లు మునిగిపోయాయి. మా ఊరికి కావలసిన పనులు మేము చేసుకున్నాం, వాళ్ల ఖర్చులకు మేమెందుకు పన్ను కట్టాలని వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. నగరాలు రాష్ట్రం సృష్టించుకున్న ఉపాంగాలే కనుక, వాటి హద్దులను పెంచడం, తగ్గించడం, రెంటినీ కలపడం అక్కడి ప్రజల సమ్మతి లేకుండానైనా రాష్ట్రం చేయవచ్చని 1907లో తీర్పు వచ్చింది. అలెఘెనీ ఇప్పుడు పిట్స్‌బర్గ్ నార్త్ సైడ్. ఆ అధికారానికి గట్టి అడ్డుకట్ట 1960లో పడింది: అలబామాలోని టస్కీగీ నగర హద్దును చతురస్రం నుంచి 28 భుజాల ఆకారానికి మార్చి, సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురిని మాత్రం లోపల మిగిల్చి, తెల్లవారిలో ఒక్కరినీ బయటికి పంపని చట్టం మీద దావా చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది.

హద్దు బయట ఉంటే నగర చట్టం అంటదనుకోవడం కూడా పొరపాటే. అదే అలబామాలో టస్కలూసా నగరపు పోలీసు అధికారం హద్దు దాటి మూడు మైళ్ల దాకా ఉండేది. అక్కడి హోల్ట్ వాసులకు నగర ఆర్డినెన్సులు వర్తించేవి, ఉల్లంఘిస్తే నగర న్యాయస్థానంలో నిలబడాలి, వ్యాపారులు లోపలివారు కట్టే లైసెన్సు రుసుములో సగం కట్టాలి. నగర ఎన్నికల్లో మాత్రం ఓటు లేదు. 1978లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఈ ఏర్పాటును సమర్థించింది. ముగ్గురు విభేదించారు, నా మటుకు ఆ ముగ్గురి వాదనే బలంగా తోస్తుంది.

టెక్సాస్‌లో ఈ కథ మనవాళ్ల ఇళ్ల దాకా వస్తుంది. హ్యూస్టన్ చుట్టుపక్కల, ముఖ్యంగా కేటీ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఉత్తరాలు నగరం పేరుతోనే వస్తాయి గానీ, వాళ్ల ఇల్లు ఏ నగర హద్దులోనూ ఉండదు. నీళ్లు, మురుగు పారుదల మడ్ అని పిలిచే యుటిలిటీ జిల్లా చూస్తుంది. 1912లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణతో 5,000 జనాభా దాటిన నగరాలు సొంత చార్టర్ రాసుకునే హక్కు పొందాయి, దాంతోపాటు శివార్లను వారి ఓటు లేకుండానే కలుపుకునే దారీ తెరుచుకుంది. 1963 చట్టం నగరం బయట ఒక వలయాన్ని గుర్తించింది. పెద్ద నగరాలకు దాని వెడల్పు అయిదు మైళ్లు; అక్కడ లేఅవుట్ల మీద నగరానికి కొంత పెత్తనం ఉంటుంది. 1996లో కింగ్‌వుడ్ ప్రజలు ఎంత వద్దన్నా హ్యూస్టన్ ఆ కాలనీని కలుపుకుంది. ఆ కోపం 1999లో విలీనానికి ముందు మూడేళ్ల ప్రణాళిక ఉండాలన్న చట్టంగా మారింది. 2017లో పెద్ద కౌంటీల్లో, 2019లో రాష్ట్రమంతటా నివాసుల సమ్మతి తప్పనిసరి అయింది. 2023 చట్టం ఇంకొక అడుగు వేసింది: వలయంలోని భూయజమానులు విడుదల కోరుతూ నిబంధనల ప్రకారం అర్జీ పెట్టుకుంటే, నగరం గడువులోగా ఏ చర్యా తీసుకోకపోయినా ఆ భూమి తనంతట తానే నగరం చేతి నుంచి జారిపోతుంది.